గేటు ఎత్తిన సాయంత్రం

యథార్థ గాథ

2014 జూన్ 8, ఆదివారం. పొద్దు వాలుతోంది. హిమాచల్ ప్రదేశ్‌లో మండి నుంచి కులు వెళ్లే జాతీయ రహదారి. ఒక పక్క నిట్టనిలువు కొండ, ఇంకో పక్క లోయలో బియాస్ నది. థలోట్ అనే చిన్న ఊరి దగ్గర హైదరాబాద్ నుంచి వచ్చిన విద్యార్థుల బృందం ఆగింది. సిమ్లా చూసుకుని మనాలి వెళుతున్నారు. పొద్దుట్నుంచీ మలుపుల మీద మలుపులు తిరిగిన ప్రయాణం. కాళ్లు పట్టేశాయి. కింద నది కనిపిస్తోంది. దిగారు.

అంతా ఇంజినీరింగ్ రెండో ఏడాది పిల్లలు. బాచుపల్లిలోని వీఎన్ఆర్ విజ్ఞానజ్యోతి కాలేజీ వాళ్లు. బృందంలో 48 మంది విద్యార్థులు, వెంట అధ్యాపకులు. పరీక్షల బరువు దించుకుని బయల్దేరిన ప్రయాణం. ఇంటి దగ్గర అప్పుడే మృగశిర కార్తె వస్తోంది, ఎండలు ఇంకా దిగిపోలేదు. ఇక్కడ చూస్తే ఒంటికి చల్లగాలి, ఎదురుగా కొండలు, కింద గలగలమని పారే నీళ్లు.

ఆ నీళ్లు ఎన్నో లేవు. నది గర్భంలో సగానికి పైగా రాళ్లే. ఏనుగంత బండలు, నునుపు తేలి, తెల్లగా ఎండి ఉన్నాయి. వాటి మధ్య పాయలు పాయలుగా నీరు పారుతోంది. ఒక రాయి మీద నుంచి ఇంకో రాయి మీదికి కాలు తడవకుండా దాటొచ్చు. కొందరు ఒడ్డునే ఆగారు. చాలామంది ఫొటోలు దిగుదామని నది మధ్యలో ఉన్న బండల దాకా వెళ్లారు.

ఆ బండల్ని అంత నునుపుగా అరగదీసింది ఆ పాయలు కావు. అక్కడ ఏ రాయి మీదా పాచి లేదు, సందుల్లో గడ్డి మొలవలేదు. పెద్ద నీరు తరచూ వచ్చిపోయే చోట గడ్డి నిలవదు. నదిని ఎరిగిన మనిషికి ఆ ఒక్క గుర్తు చాలు. కానీ ఆ పిల్లలకు ఆ గుర్తు చెప్పినవాళ్లు లేరు. అక్కడ ఆగొద్దని, దిగొద్దని చెప్పే మనిషి వాళ్ల పక్కన లేడు.

నీళ్లు ఎందుకు తక్కువున్నాయి?

ఈ ప్రశ్నకు జవాబు ఆ చోటికి కొద్ది కిలోమీటర్ల ఎగువన ఉంది. అక్కడ బియాస్ మీద లార్జీ డ్యామ్. హిమాచల్ విద్యుత్ బోర్డు కట్టిన 126 మెగావాట్ల జల విద్యుత్ కేంద్రం. మన నాగార్జునసాగర్ లాగా వందల టీఎంసీలు దాచుకునే జలాశయం కాదిది. నదిని కాస్త నిలబెట్టి, నీటిని కొండ కడుపులోంచి తవ్విన సొరంగంలోకి మళ్లిస్తారు. ఆ నీరు దిగువన భూగర్భంలో ఉన్న పవర్‌హౌస్‌లో టర్బైన్లు తిప్పి, మళ్లీ నదిలో కలుస్తుంది. కాబట్టి కరెంటు తయారవుతున్నంతసేపూ డ్యామ్‌కీ పవర్‌హౌస్‌కీ మధ్య నది చిక్కిపోతుంది. అసలు నీరు సొరంగంలో పోతుంటుంది. పైకి కనిపించేది మిగిలిన పాయ.

ఇలాంటి డ్యామ్‌కు నిలవ చేసుకునే చోటు తక్కువ. టర్బైన్లు తగ్గిస్తే, సొరంగంలోకి పోవాల్సిన నీరు ఎక్కడికి పోవాలి? జలాశయం చూస్తుండగానే నిండుతుంది. గేట్లు ఎత్తి నదిలోకి వదలాల్సిందే. పైగా అది జూన్. పగలంతా ఎండకు హిమాలయాల మంచు కరిగి, సాయంత్రానికి ఆ నీరు దిగువకు చేరుతుంది. ఎండాకాలంలో హిమాలయ నదులు పొద్దున కంటే సాయంత్రమే నిండుగా పారతాయి. చీకటి పడేవేళ నదిలో దిగొద్దని అక్కడి పల్లెల్లో పెద్దలు పిల్లలకు చెప్పేది ఇందుకే.

ఆ సాయంత్రం లార్జీలో కరెంటు ఉత్పత్తి తగ్గించారు. గేట్లు ఎత్తారు. సెకనుకు 20 ఘనపు మీటర్లున్న ప్రవాహం గంట తిరక్కుండా 450 ఘనపు మీటర్లకు పెరిగిందని తర్వాత విచారణలో లెక్క తేలింది. మన భాషలో చెప్పుకుందాం. సుమారు 700 క్యూసెక్కుల నది దాదాపు 16 వేల క్యూసెక్కులైంది. సాగర్ కుడి కాలువను నిండా వదిలితే 11 వేల క్యూసెక్కులు. వెడల్పుగా, గట్లు కట్టి, నున్నగా తవ్విన ఆ కాలువలో పారేదానికి దాదాపు ఒకటిన్నర రెట్ల నీరు, ఇరుకైన లోయలో, బండల మధ్య, ఏటవాలున దూకుతూ వచ్చింది.

నిమిషాల్లో

సాయంత్రం ఆరున్నర దాటింది. బండల మీదున్నవాళ్లకు మొదట తెలిసింది, పాయల మధ్య ఎడం తగ్గిపోవడం. ఇందాక అడుగేసి దాటిన సందులో ఇప్పుడు మోకాలి లోతు నీరు. అది పెరుగుతోందని అర్థమయ్యేలోపే ఒడ్డుకూ తమకూ మధ్య కొత్త నది పుట్టింది.

ఇలాంటి నీటికి లోతు అక్కర్లేదు. అంత ఏటవాలున, అంత ఉరవడితో వచ్చే నీరు మోకాళ్ల దాకా ఉన్నా మనిషిని నిలబడనివ్వదు. ఈత వచ్చినవాడికీ ఉపయోగం లేదు. అది మంచు కరిగిన నీరు. ఒంటికి తగలగానే ఊపిరి బిగుసుకుపోతుంది, చేతులు కొయ్యబారతాయి. కాబట్టి బండల మీదున్నవాళ్లకు మిగిలిన దారి ఒకటే. ఉన్నచోట ఒకరినొకరు పట్టుకుని నిలబడటం. ఒడ్డున ఉన్న ఎవరో ఫోన్‌లో తీసిన వీడియో తర్వాత కొద్ది రోజులకు టీవీల్లో వచ్చింది. పిల్లలు ఒక బండ మీద గుమిగూడి ఉన్నారు. చుట్టూ నీరు లేస్తోంది. ఆ దృశ్యాన్ని తెలుగు ఇళ్లలో ఎంతమంది తల్లులు పూర్తిగా చూడలేక టీవీ కట్టేశారో.

ఒడ్డుకు దగ్గరగా ఉన్నవాళ్లు పరుగెత్తారు. ఒకరి చెయ్యి ఒకరు అందుకున్నారు. తాను బయటపడే వీలుండి కూడా వెనక్కి తిరిగి స్నేహితుల్ని ఒడ్డుకు లాగి, చివరికి తానే కొట్టుకుపోయిన విద్యార్థి గురించి బతికి వచ్చినవాళ్లు చెప్పారు. అతని పేరు ఇక్కడ రాయడం లేదు. అతను చేసిన పని రాయడం మాత్రం మా బాధ్యత.

కొన్ని నిమిషాలు. అంతే. 24 మంది విద్యార్థులు, వాళ్లను తీసుకొచ్చిన టూర్ నిర్వాహకుడు ఒకరు. మొత్తం 25 మంది నీళ్లలో కొట్టుకుపోయారు. విద్యార్థుల్లో ఆరుగురు అమ్మాయిలు, 18 మంది అబ్బాయిలు.

అదే గంటలో ఇక్కడ

ఆ సాయంత్రం తెలుగువాళ్లకు మామూలు సాయంత్రం కాదు. తెలంగాణ రాష్ట్రం పుట్టి అప్పటికి వారం కూడా కాలేదు. ఇటు గుంటూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయం ఎదుట మైదానంలో లక్షల జనం. విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రిగా చంద్రబాబు నాయుడు ప్రమాణ స్వీకారం రాత్రి 7 గంటల 27 నిమిషాలకు. పల్నాడులోని మా వెల్దుర్తి అప్పుడింకా గుంటూరు జిల్లాలోనే ఉంది. మాచర్ల నుంచి, మా ఊళ్ల నుంచి కూడా లారీల మీద, బస్సుల మీద వెళ్లినవాళ్లున్నారు. వెళ్లనివాళ్లు టీవీల ముందున్నారు. రెండు రాష్ట్రాల్లోనూ కొత్త రోజులొచ్చాయన్న ఉత్సాహం.

ఆ ప్రత్యక్ష ప్రసారాల మధ్యలోనే టీవీ తెర కింద వార్త పాకడం మొదలైంది. హిమాచల్‌లో హైదరాబాద్ విద్యార్థులు గల్లంతు. ఎందరో తెలియదు. ఎవరో తెలియదు. తెలుగునాట ఇళ్లలో ఫోన్లు మోగసాగాయి. పొద్దున సిమ్లా నుంచి మాట్లాడిన కొడుకు ఫోన్ ఇప్పుడు మోగడం లేదు. కూతురి ఫోన్ స్విచాఫ్. కొండల్లో సిగ్నల్ ఉండదులే అని ఒకరికొకరు ధైర్యం చెప్పుకున్నారు. ఆ రాత్రి సిగ్నల్ అందడం లేదన్న మాటను పట్టుకుని బతికిన తల్లిదండ్రులు ఎందరో.

తెల్లవారేసరికి కాలేజీ గేటు ముందు గుంపులు. తెలంగాణ ప్రభుత్వం తల్లిదండ్రుల్ని విమానంలో పంపింది. అప్పటి హోం మంత్రి నాయిని నర్సింహారెడ్డి సంఘటన స్థలానికి వెళ్లారు. హిమాచల్ ముఖ్యమంత్రి వీరభద్రసింగ్ వచ్చారు. వెళ్లిన తండ్రులు బియాస్ ఒడ్డున రాళ్ల మీద కూర్చున్నారు. వాళ్ల ముందు నది మళ్లీ ఎప్పటిలాగే పారుతోంది.

వెతుకులాట

జాతీయ విపత్తు దళం వచ్చింది. సైన్యం, నౌకాదళ గజ ఈతగాళ్లు వచ్చారు. రబ్బరు పడవలు, తాళ్లు, లంగర్లు, నీటి అడుగున వెతికే పరికరాలు తెచ్చారు. వెతకాల్సింది నదినే కాదు. దిగువన పండో డ్యామ్ ఉంది. కొట్టుకొచ్చినదంతా అక్కడి జలాశయంలో చేరుతుంది. బియాస్ నీరు అక్కడి నుంచి సొరంగాల ద్వారా సట్లెజ్ వైపు మళ్లుతుంది. 1977 నుంచి పనిచేస్తున్న ఆ డ్యామ్ అడుగున దశాబ్దాల ఒండ్రు. నీళ్లు బురద రంగు. గజ ఈతగాడు తన చెయ్యి తాను చూసుకోలేడు.

చల్లటి నీటిలో మృతదేహాలు తొందరగా పైకి తేలవు. అందుకే రోజులు వారాలయ్యాయి. మొదటి రెండు మూడు రోజుల్లో దొరికినవి కొన్నే. దొరికిన ప్రతిసారీ ఒడ్డున ఉన్న తండ్రులందరూ లేచి పరుగెత్తేవాళ్లు. ఒకరు గుర్తుపట్టేవాళ్లు, మిగిలినవాళ్లు మళ్లీ వచ్చి కూర్చునేవాళ్లు. బిడ్డ బతికి లేడని మనసుకు తెలిసిపోయాక, దేహమైనా దక్కాలని ఎదురుచూడటం ఎంతటి నరకమో, కృష్ణలో మనిషిని పోగొట్టుకున్న ఇళ్లు మా ప్రాంతంలో ఉన్నాయి కాబట్టి మాకు తెలుసు. జులైలోనూ వెతుకులాట సాగింది.

ఎవరిది బాధ్యత?

హిమాచల్ ప్రభుత్వం మండి డివిజనల్ కమిషనర్‌తో విచారణ చేయించింది. లార్జీ సిబ్బందిలో కొందరిని సస్పెండ్ చేశారు. సిమ్లాలోని హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. నది పొడవునా ప్రమాదకరమైన చోట్ల హెచ్చరిక బోర్డులు పెట్టాలి, నీళ్లు వదిలే ముందు సైరన్లు మోగించాలి, జనం దిగే చోట్ల అడ్డుకట్టలు వేయాలి. ఈ పనులన్నీ ఆ తర్వాత కదిలాయి. సైరన్ తమకు వినపడలేదని బతికి బయటపడ్డ విద్యార్థులు మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉన్నారు.

2016 జనవరిలో హైకోర్టు తీర్పు ఇచ్చింది. చనిపోయిన ఒక్కో విద్యార్థి కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం. ఆ మొత్తంలో 60 శాతం విద్యుత్ బోర్డు, 30 శాతం కాలేజీ, 10 శాతం రాష్ట్ర ప్రభుత్వం భరించాలంది.

ఈ మూడు అంకెల్ని కాసేపు నిదానంగా చూడాలి. పెద్ద వాటా నీళ్లు వదిలినవాళ్లది. అందులో వాదన లేదు. కింద మనుషులున్నారో లేదో చూడకుండా గేటు ఎత్తడం క్షమించరానిది. కానీ కోర్టు అక్కడితో ఆగలేదు. పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లకూ వాటా వేసింది. పిల్లలు మేజర్లే కదా, వాళ్లంతట వాళ్లే దిగారు కదా అన్న మాట నిలబడలేదు. తెలియని చోటికి ఒక బృందాన్ని తీసుకెళ్లేవాడు ఆ చోటు గురించి తెలుసుకుని వెళ్లాలి. ఆ తీర్పు నుంచి మన కాలేజీలన్నీ నేర్చుకోవాల్సిన పాఠం ఇది. ప్రమాదం జరిగిన మరుసటి ఏడాదే, 2015లో, విద్యార్థుల భద్రత మీద యూజీసీ మార్గదర్శకాలు కూడా వచ్చాయి. కాగితం మీద లోటు లేదు. బస్సు ఎక్కే రోజున ఆ కాగితాన్ని ఎవరు చదువుతున్నారన్నదే ప్రశ్న.

వెల్దుర్తి నుంచి చూస్తే

ఎక్కడో బియాస్ కథ వెల్దుర్తి మనిషి ఎందుకు రాస్తున్నాడని అడగొచ్చు. మాది నల్లమల అంచు. పక్కనే సాగర్ ఉన్నా మా మెట్టకు నీళ్లెక్కవు. వరికపూడిశెల ఎత్తిపోతల పథకం కోసం తరాలుగా అడుగుతున్న నేల ఇది. నీళ్లు లేని బాధ మాకు ఎంత తెలుసో, ఉన్నట్టుండి వచ్చే నీళ్ల సంగతీ అంతే తెలుసు.

నల్లమలలో పుట్టే మా వాగులు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయే ఉంటాయి. ఇసుకలో మేకలు పడుకుంటాయి, పిల్లలు ఆడుకుంటారు. ఊళ్లో చినుకు లేకపోయినా కొండ మీద మబ్బు నల్లగా దిగితే కాపరి ఊరుకోడు. "పైన పడ్డదిరా, వాగొచ్చుద్ది, ఇవతలికి రండి" అని కేకేస్తాడు. ఎండిన వాగును ఎండిన వాగుగా నమ్మకూడదన్నది మాకు బడిలో చెప్పిన పాఠం కాదు. వాగు దాటుతున్నప్పుడు పెద్దవాళ్లు కళ్లెర్రజేసి చెప్పిన మాట. అడవిలో చెంచుల దగ్గర ఈ తెలివి ఇంకా ఎక్కువ. నీటి వాసన, పక్షుల అలికిడి, రాళ్ల మీద చెత్త ఎక్కడిదాకా పేరుకుందో ఆ గీత, అన్నీ చూసి మాట్లాడతారు.

సాగర్ దిగువ ఊళ్లదీ ఇదే చదువు. 26 గేట్లు ఎత్తే వానాకాలంలో జాగ్రత్త చెప్పడానికి అధికారులుంటారు, సైరన్లుంటాయి, పోలీసులుంటారు. కానీ దిగువన పుట్టి వేసుకుని చేపలు పట్టేవాళ్లను అడగండి. గేట్లన్నీ మూసి ఉన్న రోజు కూడా వాళ్లు నదిని నమ్మరు. డ్యామ్ కింద పవర్‌హౌస్‌లో టర్బైన్లు తిరగడం మొదలైతే చాలు, నీటిమట్టం లేస్తుంది. ఆపితే దిగుతుంది. పొద్దున నడిచి వెళ్లిన రాయి సాయంత్రం మునిగి ఉంటుంది. వాన లేదు, వరద లేదు, ఎక్కడో ఊళ్లో ఫ్యాన్లు, ఏసీలు తిరగడమే కారణం.

ఇది తెలిసిన వాళ్లం కాబట్టే ఆ రోజుల్లో టీవీలో బండల మీద నిలబడ్డ పిల్లల్ని చూసినప్పుడు మా ఊళ్లో పెద్దవాళ్ల గుండె వేరేగా తరుక్కుపోయింది. ఇవతలికి రండి అని కేక వెయ్యడానికి అక్కడ ఒక్క మనిషి లేకపోయాడే అన్నది వాళ్ల బాధ.

శని, ఆదివారాల కొండలు

పదేళ్లలో కాలం మారింది. అప్పుడు ఏడాదికోసారి కాలేజీ టూరు. ఇప్పుడు శుక్రవారం రాత్రి బస్సెక్కి ఆదివారం రాత్రికి తిరిగొచ్చే ట్రెక్కింగ్ బృందాలు ప్రతి నగరంలోనూ ఉన్నాయి. హైదరాబాద్, విజయవాడ, గుంటూరు నుంచి పిల్లలు నల్లమలకూ అరకుకూ నాగలాపురం లోయలకూ వెళుతున్నారు. మా ఎత్తిపోతల జలపాతం దగ్గర వానాకాలం ఆదివారాల్లో కుర్రకారే ఎక్కువ. చంద్రవంక, నక్కల వాగు, తుమ్మల వాగు కలిసి 70 అడుగుల ఎత్తు నుంచి దూకే ఆ చోట, పైన ఎక్కడ వాన పడితే కింద ఎప్పుడు పొంగుతుందో సెల్ఫీ తీసుకునే పిల్లాడికి తెలియదు.

వాళ్లు వెళ్లడం మంచిదే. నాలుగు గోడల మధ్య పెరిగిన పిల్లలు కొండెక్కితే కాళ్లకూ మనసుకూ బలం వస్తుంది. మన నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం కుర్రాడు ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకుంటూ ఎవరెస్ట్ ఎక్కింది 2014 మే 25న. బియాస్ ఘోరానికి సరిగ్గా రెండు వారాల ముందు. ఆ ఇద్దరి వెనుక ఉన్నదేంటి? భువనగిరి బండల మీద నెలల సాధన, డార్జిలింగ్‌లో శిక్షణ, లడాఖ్ చలిలో తర్ఫీదు, పక్కన ఆ కొండ తెలిసిన షెర్పాలు. అదే నెలలో తెలుగు పిల్లలు ప్రపంచంలోకెల్లా ఎత్తైన కొండను క్షేమంగా దిగివచ్చారు. రెండు వారాలకే, రోడ్డు పక్క నదిలో ఇంతమంది పిల్లలు పోయారు. తేడా ధైర్యంలో లేదు. చోటు తెలిసిన మనిషి పక్కన ఉండటంలో ఉంది.

2018 మార్చి 11న తమిళనాడులో తేని జిల్లా కురంగణి కొండల్లో జరిగింది కూడా ఇదే కథ. అదీ ఆదివారమే. చెన్నై నుంచి, ఈరోడ్, తిరుప్పూర్ వైపు నుంచి వారాంతానికి వచ్చిన ట్రెక్కింగ్ బృందాలు కొలుక్కుమలై మీద నుంచి దిగుతుండగా ఎండిన గడ్డికి నిప్పంటుకుంది. 20 మందికి పైగా చనిపోయారు. మార్చిలో గడ్డి నిలువెత్తు ఎండి ఉంటుందని, గాలి వాలుకు మంట మనిషికంటే వేగంగా కొండెక్కుతుందని ఆ చుట్టుపక్కల తేయాకు తోటల కూలీలందరికీ తెలుసు. మొదట పరుగెత్తి వెళ్లి, దుప్పట్లలో వేసుకుని క్షతగాత్రుల్ని మోసుకొచ్చిందీ ఆ కొండ జనమే. ఆ తర్వాత తమిళనాడు ట్రెక్కింగ్‌కు ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది.

న్యూజిలాండ్‌లో 2008 ఏప్రిల్ 15న మంగటెపోపో అనే ఇరుకు లోయలో వాగు పొంగి ఆరుగురు విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు చనిపోయారు. సాహస శిక్షణలో పేరున్న సంస్థే వాళ్లను తీసుకెళ్లింది. ఆ దేశం ఊరుకోలేదు. డబ్బు తీసుకుని జనాన్ని కొండలకూ నదులకూ తీసుకెళ్లే ప్రతి సంస్థా బయటివాళ్ల చేత భద్రతా తనిఖీ చేయించుకుని రిజిస్టరు కావాలని 2011లో నిబంధన తెచ్చింది. మన దగ్గర ఒక వాట్సాప్ గ్రూపు, ఒక బస్సు, ఒక ఆకర్షణీయమైన పోస్టరు ఉంటే ట్రెక్కింగ్ క్లబ్ పెట్టేయొచ్చు. ఇది మారాలి.

అడగాల్సిన ప్రశ్నలు

పిల్లల్ని పంపే తల్లిదండ్రులకు, తీసుకెళ్లే కాలేజీలకు, క్లబ్బులకు పల్నాడు నుంచి చెప్పదలచుకున్నది ఇదీ.

వెళ్లే దారిలో నది ఉంటే, దాని పైన డ్యామ్ ఉందా? ఉంటే నీళ్లు ఎప్పుడు వదులుతారు, హెచ్చరిక ఎలా ఇస్తారు? ఈ సంగతి జిల్లా యంత్రాంగాన్నో, ప్రాజెక్టు ఆఫీసునో ముందుగా ఫోన్ చేసి అడగొచ్చు. అడవి అయితే అటవీ శాఖ అనుమతి ఉందా? ఈ నెలలో ఆ అడవి ఎలా ఉంటుంది? ఎండాకాలమైతే మంట, వానాకాలమైతే వాగు. మన బృందంలో ఫొటోలు దిగకుండా, నీళ్లలో దిగకుండా, ఒడ్డున నిలబడి పైకి చూస్తూ ఉండే పని ఎవరిది? ఆ పనికి ఒక మనిషిని పేరు పెట్టి కేటాయించారా?

అన్నిటికంటే ముఖ్యమైనది, ఆ ఊరి మనిషి ఒకరు వెంట ఉన్నారా? చెంచు కావచ్చు, పశువుల కాపరి కావచ్చు, పడవవాడు కావచ్చు, తేయాకు తోట కూలీ కావచ్చు. ఒక రోజు కూలి ఇచ్చి అతన్ని వెంట పెట్టుకోవడానికి అయ్యే ఖర్చు, బస్సు డీజిల్ ఖర్చులో ఎన్నో వంతు? ప్యాకేజీలో ఫలానా హోటల్, ఫలానా బఫే అని రాసేవాళ్లు ఆ మనిషి పేరు కూడా రాయాలి. అతను ఆగండి అంటే ఆగాలి, వద్దంటే మానాలి. టిక్కెట్లు కొన్నాం కదా, ఇంత దూరం వచ్చాం కదా అన్న మాట అతని ముందు చెల్లకూడదు.

మన వైపు కూడా చేయాల్సిన పని ఉంది. సాగర్ దిగువన, సత్రశాల దాకా, జనం నదిలోకి దిగే ప్రతి రేవులోనూ తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు ఉండాలి. సైరన్ ఆ రేవు దాకా వినపడుతోందా అన్నది ఏటా పరీక్షించాలి. ఎత్తిపోతల దగ్గర, నల్లమల వాగుల దగ్గర స్థానిక కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చి, గుర్తింపు కార్డు ఇచ్చి, గైడ్లుగా పెట్టుకుంటే వాళ్లకు పనీ దొరుకుతుంది, వచ్చినవాళ్లకు ప్రాణభయమూ ఉండదు. చెంచు యువకుల కంటే మంచి గైడ్లు ఈ అడవికి ఎక్కడ దొరుకుతారు?

బియాస్‌లో పోయిన ఆ 24 మంది ఇప్పుడు ముప్ఫయ్యో పడిలో ఉండాల్సినవాళ్లు. ఉద్యోగాల్లో, సంసారాల్లో, పిల్లల ఫీజుల గొడవల్లో మునిగి ఉండాల్సినవాళ్లు. వాళ్లు తొందరపడ్డారనో, మాట వినలేదనో అనే హక్కు ఎవరికీ లేదు. వాళ్లకు చెప్పాల్సిన మాట ఎవరూ చెప్పలేదు, అంతే.

కాబట్టి ఈసారి కాలేజీ నుంచో, క్లబ్ నుంచో అనుమతి పత్రం ఇంటికి వచ్చినప్పుడు, సంతకానికి ముందు రెండు గడులు వెతకండి. ఆ కొండకో నదికో చెందిన స్థానికుడి పేరు ఒకటి, అతని ఫోన్ నంబరు ఒకటి. ఆ గడులు లేకపోతే రాయించండి. ఫోన్ చేసి అతనితో మీరే ఒకసారి మాట్లాడండి. ఆ తర్వాతే సంతకం పెట్టి పిల్లల్ని పంపండి.